కంటి పక్కన పెరిగిన ఎముక

“ఇది క్యాన్సర్ కాదు” అని చెప్పడం డాక్టరుకి సులువైన పని అనుకుంటారు ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ మాట వినగానే ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం విచ్చుకుంటుంది. కుర్చీలో వెనక్కి వాలతాడు. సరిగ్గా అప్పుడే మనం రెండో మాట చెప్పాల్సి వస్తుంది: “అయినా ఆపరేషన్ అవసరం కావచ్చు.” ఆ రెండో మాట ఎలా చెప్పాలో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఒక బస్సు డ్రైవరుకి వైద్యం చేస్తూ నేర్చుకున్నాను.

మెల్బోర్న్ పడమటి వైపున్న ఒక ప్రభుత్వాసుపత్రిలో చాలా ఏళ్ళు ముక్కు, చెవి, గొంతు సర్జన్‌గా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. మా పనిలో ఎక్కువ భాగం మామూలు పనే. టాన్సిల్స్, చెవిలో చీము, వంకర ముక్కు దూలాలు. వసంతం వచ్చి గడ్డి పూసిందంటే సగం ఊరు తుమ్ముకుంటూ మా దగ్గరికి వచ్చేది. చుట్టుపక్కల పేటల్లో మనవాళ్ళు బాగా పెరిగాక తెలుగు పేషెంట్లూ పెరిగారు. తలుపు మీద నా ఇంటిపేరు చూసి లోపలికి రాగానే తెలుగులోనే మొదలుపెట్టేవాళ్ళు. కొందరు మా ఊరు, మా పుట్టింటివాళ్ళు, మా వారి ఉద్యోగం అన్నీ కనుక్కున్నాకే ముక్కు సంగతికి వచ్చేవాళ్ళు.

ఈయన అలా కాదు. వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. వయసు నలభై దాటి ఉంటుంది. కరీంనగర్ వైపు నుంచి చదువుకోవడానికి వచ్చి, అకౌంటింగ్ చదివి, ముందు టాక్సీ, తర్వాత బస్సు నడుపుతూ దగ్గర్లోని టార్నీట్ పేటలో స్థిరపడ్డవాడు. పక్కన భార్య. చైల్డ్ కేర్‌లో పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం చొక్కా మీద ఏ పిల్లాడో అద్దిన నీలం రంగు ఆరిపోయి ఉంది.

“కుడి కన్ను పైన నొప్పి మేడం. రెండేండ్ల సంది. సైనస్ అన్నరు. స్ప్రే కొట్టుకున్న. తగ్గలే. కళ్ళద్దాలు మార్చిన్రు, రెండుసార్లు. మొన్న రౌండబౌట్ సర్కిల్ చుట్టు బస్సు తిప్పుతుంటే...”

ఆగాడు.

“చెప్పు మేడంకు,” అంది భార్య.

“రోడ్డు మీద తెల్లగీత రెండు గీతలైంది మేడం. ఎదురుంగ వచ్చే కారు కూడ రెండు కార్లు. ఏది నిజమో తెల్వలే. బస్సుల జనం ఉన్నరు. పక్కకు ఆపి, కంట్రోల్‌కు ఫోన్ చేసి, నేను ఇగ నడపలేను అని చెప్పిన. పాసింజర్లు తిట్టిన్రు. తిట్టనీ.”

అప్పటివరకూ ఆయన్ని చూసిన డాక్టర్లని నేను తప్పుపట్టను. పుప్పొడి కాలంలో ఈ ఊళ్ళో కంటి పైన నొప్పి అంటే ఎవరికైనా ముందు సైనసే గుర్తొస్తుంది. ఎవరి ముందున్నది వాళ్ళు చూశారు. నాకు మాత్రం ఆయన ముఖంలో ఏదో తేడా అనిపించింది. అదేమిటో తేల్చుకోలేకపోయాను.

“మీ డ్రైవింగ్ లైసెన్స్ ఒకసారి ఇస్తారా?” అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. “లైసెన్స్ గుంజుకుంటరా మేడం?”

“అయ్యో, కాదండీ. ఫోటో చూద్దామని.”

ఆ కార్డు మీద ఫోటో తీసి కొన్నేళ్ళయింది. అందులో రెండు కళ్ళూ ఒకే వరుసలో ఉన్నాయి. నా ఎదురుగా ఉన్న ముఖంలో కుడి కన్ను కొంచెం కిందికి జారింది, కొంచెం బయటికి జరిగింది, కొంచెం ముందుకు పొడుచుకొచ్చింది. అన్నీ కొంచెం కొంచెమే. కార్డుని ఆయన చెంప పక్కన పట్టి భార్యకి చూపించాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“రోజూ చూస్తనే ఉన్న గద మేడం. నాకు తెల్వనే లేదు.”

రోజూ చూసేవాళ్ళకే తెలియదు. ఏళ్ళ తరబడి మెల్లగా జరిగే మార్పుని అద్దం కూడా పట్టించదు. ముఖంలో తేడా ఉందని అనుమానం వస్తే పాత ఫోటో అడగండి. ఇది నేను ఆ తర్వాత చేరిన ప్రతి జూనియర్‌కీ చెప్పిన మాట.

స్కాన్ తీయించాం. మన ముక్కు చుట్టూ, నుదుటి ఎముకలో, రెండు కళ్ళ మధ్యన చిన్న చిన్న గాలి గదులుంటాయి. వాటినే సైనస్‌లంటాం. గాలి కాబట్టి స్కాన్‌లో నల్లగా కనిపించాలి. ఆయన కుడి వైపు గదుల్లో నలుపు లేదు. పాలరాయి ముక్క దూర్చినట్టు తెల్లటి ముద్ద ఉంది. నుదుటి గది అడుగున మొదలై, ముక్కుకీ కంటికీ మధ్య ఉన్న పల్చటి గోడని పక్కకి నెట్టి, కంటి వెనక దాకా పాకింది. ఎముక. గాలి ఉండాల్సిన చోట ఎముక పెరుగుతోంది. దాన్ని ఆస్టియోమా అంటారు. చిన్నవి అప్పుడప్పుడూ వేరే పని మీద తీసిన స్కానుల్లో కనబడుతుంటాయి. వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. ఇంత పెద్దది, కంటిని తోసేంతది, నా సర్వీసు మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా చూడలేదు.

ఫలితం చెప్పడానికి పిలిచిన రోజు ఒక తమాషా జరిగింది. ఆయన పేషెంట్ల టాయిలెట్‌కి వెళ్ళిన సందులో భార్య లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“మేడం, క్యాన్సరేనా? నాకు చెప్పుండ్రి. ఆయనకు చెప్పకుండ్రి. తట్టుకోలేడు.”

నేను నోరు తెరిచేలోగా బయట అడుగుల చప్పుడైంది. తర్వాత ఆవిడ చైల్డ్ కేర్ నుంచి ఫోనొస్తే వరండాలోకి వెళ్ళింది. ఆయన ముందుకి వంగి గొంతు తగ్గించాడు.

“మేడం, ఏదున్నా నాకు చెప్పుండ్రి. ఆమెకు మాత్రం తెల్వనియ్యకుండ్రి. గుండె పల్చటిది.”

ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాను. స్కాన్ బొమ్మ వాళ్ళవైపు తిప్పాను. “ఇది క్యాన్సర్ కాదు. ఎముక. మామూలు ఎముకే, ఉండకూడని చోట పెరిగింది. ఒంట్లో ఇంకెక్కడికీ పాకదు. ఒకరి దగ్గర ఒకరు దాచుకోవాల్సిందేమీ లేదు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ఎవరి దగ్గర దాచమన్నారో అర్థమైనట్టుంది, ఆవిడ ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు అయ్యాక, అయినా ఆపరేషన్ అవసరం కావచ్చన్నాను. ఆయన అడిగాడు:

“క్యాన్సర్ కాకపోతే ఎందుకు కొయ్యాలె మేడం? ఉండనియ్యొచ్చు గద?”

ఇప్పుడు నాకు కష్టమొచ్చింది. ఎందుకంటే సరిగ్గా అదే ప్రశ్న మా పెద్దాయన కూడా అడిగాడు.

పెద్దాయన అంటే మా విభాగంలో నాకన్నా సీనియర్ సర్జన్. ఇక్కడ అందరూ అందర్నీ పేరు పెట్టే పిలుస్తారు, నేనూ పిలిచేదాన్ని. మనసులో మాత్రం పెద్దాయన అనే అనుకునేదాన్ని. గోధుమ పొలాల మధ్య పుట్టి పెరిగిన ఆస్ట్రేలియన్. పొడుగు మనిషి, పొట్టి మాటలు. పుర్రె అడుగున చేసే కష్టమైన ఆపరేషన్లలో ఆయనది తిరుగులేని చెయ్యి. అలాంటివాడు కత్తి పట్టుకోవడానికి అందరికన్నా వెనకాడేవాడు. స్కాన్‌ని చాలాసేపు చూశాడు.

“ఇది ఈ మనిషిని చంపదు,” అన్నాడు. “మనం లోపలికి వెళ్ళి కంటి నరాన్ని గీకామనుకో, ఆ కన్ను పోవడానికి కారణం ఈ ఎముక కాదు, మనం. చెడ్డ జబ్బయితే నష్టం జబ్బు ఖాతాలో పడుతుంది. మంచి జబ్బయితే మన ఖాతాలో పడుతుంది.”

“వదిలేస్తే?”

“వదిలేయమనడం లేదు. కనిపెట్టి ఉందాం. పెరుగుతోందా, ఆగిపోయిందా చూద్దాం.”

ఆయన మాటలో న్యాయముంది. డ్రైవరు చూపు పరీక్షలో అక్షరాలన్నీ చదువుతున్నాడు. నొప్పి మాత్రలకి లొంగుతోంది. ఇలాంటి ఎముకలు కొందరికి పేగుల్లో వచ్చే ఒక వంశపారంపర్య జబ్బుతో కలిసి వస్తాయి కాబట్టి అదీ విచారించాం. అలాంటిదేమీ లేదని తేలింది. కొన్ని నెలలు ఆగి మళ్ళీ స్కాన్ తీద్దామనుకున్నాం. అన్నీ రెండుగా చూసే మనిషి బస్సు నడపకూడదు. డిపోలో ఆయనకి కూర్చుని చేసే పని ఇచ్చారు. బస్సుల్లో జనం మర్చిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాలు, చెప్పులు సర్దిపెట్టే పని. “చెప్పు ఒక్కటే ఎట్ల మర్చిపోతరు మేడం? రెండో కాలుతోని ఎట్ల పోయిన్రు ఇంటికి?” అని అడిగేవాడు. నవ్వించడానికే అడిగేవాడు గాని, స్టీరింగ్ లేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో ఒకదానిమీద ఒకటి వేసుకుని కూర్చునేవాడు.

తర్వాతి విజిట్‌కి వచ్చినప్పుడు స్కాన్‌లో ముద్ద కాస్త పెరిగింది. ఇది పెరుగుదలా, లేక స్కాన్ తీసిన కోణంలో తేడానా అని రేడియాలజీవాళ్ళు తటపటాయించారు. అప్పుడు పెద్దాయన బల్ల మీదున్న చుక్కల మందు సీసా తీసుకున్నాడు. దాని మూత ఎర్రటిది. డ్రైవరు చేత కుడి కన్ను మూయించి, ఎడమ కంటికి దాన్ని చూపించాడు. తర్వాత కన్ను మార్చాడు.

“రెండుసార్లూ ఒకే రంగేనా?” అని, సొంత మాటలో అయితే తేడా బాగా చెబుతాడని, నన్ను తెలుగులో అడగమన్నాడు.

డ్రైవరు మూతని మళ్ళీ చూశాడు. కన్ను మార్చి చూశాడు. మళ్ళీ మార్చాడు.

“ఎడమ కంటికి ఎరుపు మేడం. కుడి కంటికి ఎరుపు కాదు... ఇటుక రంగు. పాత ఇటుక.”

నేను ఆ మాటని ఇంగ్లీషులో చెప్పాల్సిన పనే రాలేదు. ఆ గొంతు వినగానే పెద్దాయనకి అర్థమైపోయింది. కంటి నరం నలుగుతున్నప్పుడు చూపుకన్నా ముందు రంగు వెలిసిపోతుంది. ముందుగా వెలిసేది ఎరుపే.

“ఎందుకు కొయ్యాలె అని అడిగారు కదా,” అన్నాను. “ఇందుకు. ఎముక మంచిదే గాని, కంటి నరం మీద కూర్చుంది. ఇప్పుడు లేపకపోతే ఆ కన్ను మనకి దక్కకపోవచ్చు. లేపేటప్పుడు కూడా కంటికి దెబ్బ తగిలే ప్రమాదముంది. రెండూ నిజమే. వదిలేయడంలో ఉన్న ప్రమాదమే ఇప్పుడు పెద్దది.”

ఇంతకుముందు ఏ పేషెంటుకీ నేనింత తిన్నగా చెప్పలేదు. “ట్రాఫిక్ లైట్ గూడ ఇటుకలెక్కనే అయితదన్నట్టు,” అన్నాడు ఆయన. “కానియ్యుండ్రి మేడం.”

ఆపరేషన్ ముక్కు రంధ్రంలోంచే చేశాం. అక్కడి నుంచి అందని భాగం కోసం కనురెప్ప ముడతలో చిన్న కోత పెట్టాం. సన్నటి గొట్టం కెమెరా ఒక చేతిలో, ముత్యమంత తల ఉన్న డ్రిల్లు ఇంకో చేతిలో. ఎముకని బయటి నుంచి పెకలించబోతే పక్కనున్న మెదడు పొర, కంటి పొర చిరుగుతాయి. అందుకని లోపలి నుంచి తొలుచుకుంటూ పోవాలి. కొబ్బరి కోరినట్టు మధ్య భాగమంతా కోరేసి, పల్చటి చిప్ప మిగిలాక, ఆ చిప్పని కంటికి దూరంగా లోపలివైపు మడిచి విరవాలి. ఇంతకుమించి అందులో నాటకీయం ఏమీ లేదు. డ్రిల్లు వేడెక్కకుండా నీళ్ళు, ఎముక పొడి, మళ్ళీ నీళ్ళు. నా మెడ పట్టేసినప్పుడు పెద్దాయన, ఆయన నడుం పట్టేసినప్పుడు నేను. మత్తు డాక్టరు మాత్రం పొద్దుటినుంచీ క్రికెట్ స్కోరు చెబుతూనే ఉంది, ఎవరూ అడగకపోయినా.

మధ్యాహ్నం దాటాక పైభాగంలో చిప్ప విరుస్తుంటే తళుక్కుమని ఒక చుక్క కనబడింది. నెత్తురు కాదు. స్వచ్ఛమైన నీటిచుక్క. మెదడు చుట్టూ ఉండే నీరు. పొర చిరిగింది. గదిలో మాటలాగిపోయాయి. క్రికెట్ స్కోరు కూడా. ఇలా జరగవచ్చని ముందే అనుకున్నాం, మార్గం కూడా అనుకున్నాం. ముక్కు లోపలి పొరనే ఒక ముక్క కోసి, మొదలు తెగకుండా తిప్పి, చిరుగు మీద అతికించాం. ఆ నీరు ఆగిందా లేదా అని ఇద్దరం తెర వంక చూశాం. ఆగింది.

తర్వాత కంటి వెనక మిగిలిన చివరి ముక్క. వడ్లగింజంత. కంటి పొరని అంటిపెట్టుకుని, నరానికి ఆనీ ఆననట్టు ఉంది. మిగతాదంతా తీసేశాం, ఇదొక్కటి తీస్తే స్కాన్‌లో మచ్చ లేకుండా ఉంటుంది. నేను సన్నటి పరికరం అడిగాను. దాని అంచు గింజ కిందికి పోనిచ్చాను. గింజతో పాటు కంటి పొర కూడా కదిలింది.

“దాన్ని ఎవరికోసం తీస్తున్నావు?” అన్నాడు పెద్దాయన.

ఆలోచించాను. నరం మీద బరువు అప్పటికే పోయింది. కంటిని తోసేది ఏమీ మిగల్లేదు. ఆ గింజ వల్ల డ్రైవరుకి ఏ ఇబ్బందీ లేదు.

“స్కాన్ కోసం,” అన్నాను.

“స్కాన్ మన పేషెంటు కాదు.”

పరికరం వెనక్కి తీసేశాను. క్యాన్సరయితే ఆ గింజని వదలడానికి వీల్లేదు. క్యాన్సర్ కాదు కాబట్టి వదిలేయవచ్చు. ఇన్నాళ్ళూ మమ్మల్ని ఇరకాటంలో పెట్టిన ఆ “కాదు” అప్పుడు మాకు ఆసరా అయింది.

మత్తు దిగాక కుడి కన్ను తెరిపించి వేళ్ళు చూపించాను. “ఎన్ని?”

“రెండు.”

చూపిందీ రెండే. చూపుంది. ఎర్ర మూత చూపిస్తే “ఎరుపే మేడం, ఎరుపే” అని గొణిగి మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు. భార్యకి చెప్పడానికి బయటికెళ్ళాను. ఆవిడ పక్కన పదేళ్ళ కూతురు. నేను తెలుగులో చెబుతుంటే అంతా విని, “సో డాడ్ కెన్ సీ?” అని ఒక్క ముక్క అడిగింది. “చూస్తున్నాడమ్మా,” అన్నాను. ఆ పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టేసింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కట్లు విప్పి రెండు కళ్ళూ ఒకేసారి తెరిపించేసరికి ఆయనకి మళ్ళీ రెండేసి కనబడ్డాయి. ముందుకన్నా ఎడంగా. మంచం పక్కన భార్యలిద్దరు, నర్సులిద్దరు, నేనిద్దర్ని. వాపు వల్ల అలా ఉంటుందని, కన్ను పాత చోటికి వచ్చింది కాబట్టి కండరాలు మళ్ళీ సర్దుకోవాలని చెప్పాను. నిజమే చెప్పాను. కాని వాపేనా, లేక తొలిచేటప్పుడు కంటి కండరం దెబ్బతిందా అన్నది నాకూ తెలియదు. కంటి డాక్టర్లూ చూడాలన్నారు, ఆగాలన్నారు. ముక్కు చీదకూడదని, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమని చెప్పి, ఒక కంటికి పాచ్ పెట్టి ఇంటికి పంపించాం.

వారాలు గడిచాయి. అతుకు నిలిచింది. నొప్పి పోయింది. ముఖంలో రెండు కళ్ళూ ఒకే వరుసకి వచ్చాయి. పాచ్ తీస్తే మాత్రం ఇంకా రెండే. ఒక విజిట్‌లో భార్య ఉండబట్టలేక అడిగేసింది.

“ఆపరేషన్‌కు ముందు రెండు, ఆపరేషన్ అయినంక రెండే. నడుమ మనం ఏం చేసినట్టు మేడం?”

“కన్ను కాపాడాం,” అన్నాను. నా చెవులకే ఆ జవాబు పేలవంగా వినబడింది. ఆవిడ తల ఊపింది, కాని ముఖంలో నమ్మకం లేదు. ఆ రోజు వాళ్ళు వెళ్ళాక టీ గదిలో పెద్దాయన నా ముందు బిస్కట్ల డబ్బా పెట్టాడు. ఓదార్చడం ఆయనకి అంతవరకే వచ్చు.

వ్యాయామంగా దూరంగా ఉన్న వస్తువులు చూడమని కంటి విభాగంవాళ్ళు చెప్పారు. ఆయన రోజూ పొద్దున్నే టార్నీట్ స్టేషన్ దాకా నడిచేవాడట. ప్లాట్‌ఫాం చివర బల్ల మీద కూర్చుని, పాచ్ తీసేసి, ఊరివైపు వెళ్ళే రైలు వచ్చేదాకా చూసేవాడట. పట్టాలు రెండు జతలుగా, రైళ్ళు రెండుగా వచ్చేవట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు.

ఒకరోజు ఓపీ మధ్యలో మా క్లర్కు తలుపు తీసి, మీ బస్సు డ్రైవరు లైన్లో ఉన్నాడు, ఏదో గాభరాగా ఉన్నాడు, పెట్టేయమంటే పెట్టేయట్లేదు అంది. మెదడు నీరు మళ్ళీ కారుతోందేమో అనుకున్నాను. ఫోనందుకున్నాను. అవతల ప్లాట్‌ఫాం రొద.

“మేడం! ఒక్కటే ట్రెయిన్ వచ్చింది!”

“ఏమిటండీ?”

“ఒక్కటే వచ్చింది మేడం. రెండోది రాలే! నేను చూసిన. దగ్గరికొచ్చే దాక చూసిన. ఒక్కటే ట్రెయిను, ఒక్కడే డ్రైవరు. ఇప్పుడు ఆగి ఉన్నది, ఇంకా ఒక్కటే ఉన్నది!”

“తల ఆ పక్కకి తిప్పి చూడండి. ఇప్పుడు?”

“ఒక్కటే.”

“ఈ పక్కకి?”

“ఒక్కటే మేడం! అరే... డోర్లు మూస్తున్నరు. పోతుంది. ఒక్కటే పోతుంది.”

నా ఎదురుగా చెవినొప్పితో వచ్చిన ఒక ముసలాయన నన్ను వింతగా చూస్తున్నాడు. ఆయనకి తెలుగు రాదు. నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయని ఆయన టిష్యూ పెట్టె నావైపు జరిపాడు.

ఓపీ కాగానే పెద్దాయన గదికి వెళ్ళి చెప్పాను. ఆయన రాస్తున్నది ఆపి, కళ్ళజోడు తీసి, ముక్కు దూలం నొక్కుకుంటూ కాసేపు కూర్చున్నాడు. ఈయన కూడా ఇన్ని వారాలుగా నిద్రపోలేదని అప్పుడు తెలిసింది నాకు. “గుడ్,” అన్నాడు. మరీ తక్కువనిపించిందేమో, ఇంకోసారి “గుడ్” అన్నాడు.

ఆ తర్వాత కంటి విభాగంవాళ్ళు పరీక్షల మీద పరీక్షలు చేసి, కొన్ని నెలలు చూసి, బస్సు నడపవచ్చని సంతకం పెట్టారు. నేను రిటైరయ్యేదాకా ఆయన స్కాన్లు చూస్తూనే ఉన్నాను. వదిలేసిన గింజ వదిలేసినట్టే ఉంది.

మళ్ళీ డ్యూటీలో చేరిన కొత్తలో ఒకసారి చూపించుకోవడానికి వచ్చాడు. ఆ రోజు కుర్చీలో నిండుగా కూర్చున్నాడు. వెళ్ళబోతూ ఆగాడు.

“మేడం, ఆ ఎముక ఒక్కసారి చూడొచ్చా? సీసాల పెట్టి ఉంచుతరు గద?”

“లేదండీ. అంతా పొడి చేసి నీళ్ళతో లాగేశాం. పరీక్షకి పంపిన రెండు మూడు పెంకులే మిగిలాయి. మామూలు ఎముక అని రిపోర్టు రాసి పంపించారు.”

“గంతేనా? ఇంత కథ నడిపింది, చూద్దామంటే ఏం లేదా?”

“ఏమీ లేదు.”

ఆయన పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకి బయట కూర్చున్న పేషెంట్లు కూడా తలుపువైపు తిరిగారు. నవ్వుతూనే గడియారం చూసుకుని లేచి, “పోతా మేడం, షిఫ్ట్ ఉంది. బస్సుల జనం ఉంటరు,” అని గబగబా వెళ్ళిపోయాడు.